ఆరేళ్లుగా మా ఆఫీసు ఫైళ్లను కాస్తున్న సాంబా

రాజమహేంద్రవరంలో పాఠ్యపుస్తకాలు, గైడ్లు కంపోజ్ చేసే ఆఫీసు మాది. మొత్తం 23 కంప్యూటర్లు. 2019 చివరి వరకు ఎవరి ఫోల్డరును వారే మౌసు కుడి బటన్ నొక్కి షేర్ చేసుకునేవారు. ఏ అధ్యాయం ఎవరి దగ్గర ఉందో, దాన్ని ఎవరెవరు తెరవగలరో నిక్కచ్చిగా చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. ఒక ఆపరేటర్ సెలవు పెట్టి కంప్యూటర్ ఆపి వెళ్తే అందులోని పని ఎవరికీ అందేది కాదు. అన్నింటినీ ఒకే చోట పెడదామని చూస్తే, విండోస్ 10 ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. సర్వర్ లైసెన్సు కొనే స్తోమత మాకు లేదు. చివరికి ఒక పాత డెస్క్‌టాప్‌లో విండోస్‌కు బదులు డెబియన్ 10 అనే ఉచిత లినక్స్ వేసి, దాని మీద సాంబా పెట్టాను.

సాంబా అంటే, విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే ఎస్‌ఎంబీ భాషను లినక్స్‌కు నేర్పే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో 1990ల తొలినాళ్లలో దీన్ని మొదలుపెట్టారు. కమాండ్ లైన్ నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ సాంబా’ అనే ఒక్క వరుస చాలు, పది నిమిషాల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

మొదటి వారంలోనే మా ప్రూఫ్‌రీడర్ మాస్టారు పిలిచి, ‘బాబూ, ఫైలు తెరుచుకుంటోంది కానీ నేను దిద్దింది సేవ్ కావడం లేదు’ అన్నారు. మనం ఏ అమరికా మార్చకపోతే, సాంబాలో తయారయ్యే కొత్త ఫైలును దాని యజమాని ఒక్కరే మార్చగలరు, మిగతావారు చదవగలరు, అంతే. కొత్త ఫైలుకు ఎవరికి ఏ అనుమతి ఉండాలో అంకెల్లో చెప్పే ‘క్రియేట్ మాస్క్’ 0744గా ఉండటమే దానికి కారణం. కంపోజింగ్ చేసేవారికి, ప్రూఫ్ చూసేవారికి కలిపి ఒక గ్రూపు పెట్టాను. క్రియేట్ మాస్క్‌ను 0660 చేశాను, అంటే యజమానితోపాటు గ్రూపు కూడా చదవవచ్చు, రాయవచ్చు. ఫోల్డరుకు 2770 అనుమతి ఇచ్చి, అందులో ఎవరు చేసిన ఫైలైనా ఆ గ్రూపుకే చెందేలా ‘ఫోర్స్ గ్రూప్’ వరుస చేర్చాను. అప్పటి నుంచి ఎవరు చేసిన ఫైలునైనా ఆ గ్రూపులో ఎవరైనా దిద్దగలుగుతున్నారు. కొత్తవారు తడబడే ఇంకో చోటు పాస్‌వర్డు. లినక్స్‌లో యూజర్‌ను సృష్టిస్తే సరిపోదు, ‘ఎస్‌ఎంబీపాస్‌వర్డ్’ (smbpasswd) కమాండుతో అదే పేరుకు సాంబా పాస్‌వర్డును విడిగా పెట్టాలి. ఉద్యోగం మానేసినవారి ఖాతాను కూడా రెండు చోట్లా తీసేయాలి.

నాకు అన్నింటికంటే నచ్చినది, మొత్తం అమరిక ఒకే ఒక్క టెక్స్ట్ ఫైలులో ఉండటం. ఏ ఫోల్డరు ఎవరిది, ఎవరు చూడవచ్చు, ఎవరు రాయవచ్చు, అన్నీ మాది 60 వరుసల్లో ఉన్నాయి. మార్చిన ప్రతిసారీ పాత ప్రతిని తేదీ వేసి దాచుకుంటాను. మార్చాక ఆ ఫైలును సరిచూసే ‘టెస్ట్‌పార్మ్’ కమాండు నడిపితే తప్పు ఎక్కడుందో వెంటనే చూపిస్తుంది. అది చూడకుండా సర్వీసును ఒక్కసారి కూడా రీస్టార్ట్ చేయవద్దని ఎవరు అడిగినా చెబుతాను.

రెండో ఏడాది ఒక దెబ్బ తగిలింది. రెండు రోజులు కూర్చుని దిద్దిన అధ్యాయాల ఫోల్డరును ఒకరు పొరపాటున డిలీట్ చేశారు. నెట్‌వర్క్ ఫోల్డరులో చెరిపేసినది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ముందుగా జాగ్రత్తపడలేదు. అదే రాత్రి సాంబాలోని ‘రీసైకిల్’ మాడ్యూల్‌ను ఆన్ చేశాను. ఇప్పుడు చెరిపిన ప్రతి ఫైలూ దాచిన ఫోల్డరులో తన పాత దారితో సహా నిలుస్తుంది. రాత్రిపూట ‘ఆర్‌సింక్’ అన్నింటినీ వేరే డిస్క్‌కు కాపీ చేస్తుంది. ఈ రెండూ లేకుండా ఉమ్మడి ఫోల్డరు పెట్టడం ప్రమాదం.

తెలుగులో పని చేసేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం, అంటే హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. తరగతి, పాఠం, రచయిత, ముద్రణ విడత అన్నీ కలిపి పొడవుగా పేరు పెట్టిన ఫైళ్లు ఆపరేటర్ కంప్యూటర్లో చక్కగా ఉండి, సర్వర్‌కు కాపీ చేయబోతే ఆగిపోయేవి. కారణం పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు పేర్లు పొట్టిగా పెట్టాలన్నది మా ఆఫీసు నియమం.

2021లో డెబియన్ 11కు మారాక మా కాపియర్ యంత్రం స్కాన్ చేసిన కాగితాలను ఫోల్డరుకు పంపడం మానేసింది. పాత పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో చేసిన పుస్తకాల కోసం ఉంచుకున్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ కూడా ఆగిపోయింది. రెండింటికీ తెలిసినది ఎస్‌ఎంబీ మొదటి రూపమే. సాంబా 4.11 నుంచి దానికి తలుపు మూసేశారు. ఒక్క వరుస మార్చి ఆ తలుపు మళ్లీ తెరవవచ్చు, చాలామంది అదే చేస్తారు. నేను తెరవలేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వ్యాపించినది విండోస్‌లో ఆ మొదటి రూపంలోని లోపం ద్వారానే. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అందుకని ఆ రెండు యంత్రాలకూ ఎఫ్‌టీపీ అనే వేరే ఫైలు బదిలీ సర్వీసు పెట్టి, ఒకే ఒక్క ఫోల్డరు అందేలా కట్టడి చేశాను. ఒక రోజు శ్రమ పడ్డాను, ఈ రోజు వరకు చింత లేదు.

ఎస్‌ఎంబీ మొదటి రూపం మూతపడటం వల్ల నెట్‌వర్క్ జాబితాలో సర్వర్ పేరు కూడా కనిపించకుండా పోయింది. ‘డబ్ల్యూఎస్‌డీడీ’ అనే చిన్న సర్వీసు వేస్తే మళ్లీ కనిపిస్తుంది. నా మాట అడిగితే, ప్రతి విండోస్ కంప్యూటర్లో ‘నెట్ యూజ్’ కమాండుతో జెడ్ డ్రైవ్‌గా అమర్చడమే మేలు. 23 కంప్యూటర్ల దగ్గరికీ వెళ్లి అదే చేశాను. పాస్‌వర్డు లేని ఫోల్డర్ల విషయంలో కట్టుదిట్టం పెంచిన విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక, పాస్‌వర్డు లేకుండా ఫోల్డర్లు తెరిచి ఉంచిన మిత్రుడి ఆఫీసులో పని ఆగింది. అందరికీ ఖాతాలున్న మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

లోటు చెప్పాలంటే, ఇదంతా తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. నల్లని తెర చూస్తే ఆఫీసులో అందరూ వెనక్కి తగ్గేవారు. ఐదారు కంప్యూటర్లే ఉన్న చోట ఇంత అక్కరలేదు. పది దాటితే మాత్రం ధైర్యంగా పెట్టుకోండి. పక్కనే ఒక నోటుపుస్తకం కూడా ఉంచండి. మా సర్వర్ పక్కన ఉన్నదానిలో ప్రతి కమాండునూ, అది ఏం చేస్తుందో తెలుగులో రాసిపెట్టాను. పోయిన వేసవిలో నేను ఊళ్లో లేనప్పుడు కొత్త ఆపరేటర్‌కు ఖాతా కావలసి వచ్చింది. మా జూనియర్ అమ్మాయి ఆ పుస్తకం చూసి తానే ఇచ్చింది. టెస్ట్‌పార్మ్ నడిపాకే రీస్టార్ట్ చేశానని నాకు ఫోనులో చెప్పింది.