సెర్చ్ ట్రాఫిక్ కోసం సోషల్ మీడియా: మూడేళ్లు వాడాక

చేత్తో కుట్టిన లెదర్ బ్యాగులు అమ్మే చిన్న వ్యాపారం మాది. వెబ్‌సైట్ పెట్టిన కొత్తలో గూగుల్ నుంచి ఎవరూ వచ్చేవారు కాదు. సోషల్ మీడియాలో గట్టిగా పోస్టులు పెడితే గూగుల్ ఫలితాల్లో సైట్ పైకి వస్తుందని తెలిసినవాళ్లంతా చెప్పారు. మూడేళ్లుగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, పిన్‌టరెస్ట్ వాడుతున్నాను. ఫలితం ఉంది, కానీ వాళ్లు చెప్పిన దారిలో రాలేదు.

మొదటి ఏడాది రోజుకో పోస్టు, ప్రతి పోస్టులో సైట్ లింకు. లైకులు వచ్చాయి, ర్యాంకు కదల్లేదు. ఫాలోవర్లు పెరిగితే గూగుల్లో పైకి వస్తారని ఒక ఏజెన్సీ నమ్మించి డబ్బు తీసుకుంది. ఫాలోవర్లు పెరిగారు కానీ వాళ్లలో సైట్ వైపు వచ్చినవారే లేరు. ఆ డబ్బు పోయిన బాధ ఇంకా పోలేదు. ఎందుకంటే లైకులు, ఫాలోవర్ల లెక్క చూసి ర్యాంకు ఇవ్వడం లేదని గూగుల్ తరఫున అప్పటి ఆ సంస్థ ఇంజనీర్ మ్యాట్ కట్స్ 2014లోనే చెప్పారు. పైగా ఇలాంటి చోట్ల మనం పెట్టే లింకులకు చాలావరకు 'నోఫాలో' గుర్తు ఉంటుంది. ఈ లింకును సిఫారసుగా లెక్కపెట్టొద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే గుర్తు అది. ఈ రెండు సంగతులు ముందే తెలిసి ఉంటే ఆ ఏజెన్సీ మాట వినేదాన్ని కాదు.

మార్పు ఒక కామెంటుతో మొదలైంది. "బ్యాగు వానలో తడిసింది, ఎండలో పెట్టొచ్చా?" అని ఒకావిడ అడిగారు. అక్కడే జవాబు రాసి వదిలేశాను. వారం తిరక్కుండానే ఇంకొకరు అదే అడిగారు, తర్వాత మరొకరు. ఇక్కడ ఇంతమంది అడుగుతుంటే గూగుల్లో అడిగేవాళ్లు ఎందరుంటారో అనిపించి, ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టి సైట్‌లో ఒక పేజీ రాశాను. పొడిబట్టతో తడి అద్దాలి, లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరనివ్వాలి. ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, తోలు బిరుసెక్కి పగులుతుంది. అంతే రాసింది. కొన్ని నెలలకు సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ సెర్చ్ నుంచి మన సైట్‌కు ఎవరు ఏం వెతికి వచ్చారో చూపే గూగుల్ టూల్) ఆ పేజీకి క్లిక్కులు కనపడ్డాయి. ఈ రోజుకీ గూగుల్ నుంచి ఎక్కువమంది దిగేది ఆ పేజీలోనే. అప్పటినుంచి కామెంట్లలో ప్రశ్నలను జనం వాడిన మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. జనం ఏ మాటలతో వెతుకుతారో చూపే కీవర్డ్ టూల్స్ కూడా వాడి చూశాను. నాకు ఈ పుస్తకమే ఎక్కువ పనికొచ్చింది.

రెండో లాభం మా పేరు మీద జరిగే సెర్చ్. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు. అందుకే పోస్టు నచ్చినవాళ్లు గూగుల్‌కి వెళ్లి పేరు కొడతారు. మొదట్లో మా పేరు ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాశాను, అది పెద్ద పొరపాటు. అన్నిచోట్లా ఒకేలా మార్చాక పేరుతో వెతికేవాళ్లు నేరుగా సైట్‌కే వస్తున్నారు.

నాలుగింటిలో నాకు బాగా నచ్చింది యూట్యూబ్. కుట్టు తెగితే ఎలా వేసుకోవాలో చూపించిన వీడియో గూగుల్ ఫలితాల్లోనే వస్తుంది. పిన్‌టరెస్ట్‌లో ఎప్పుడో పెట్టిన ఫొటోలు ఇప్పటికీ మనుషుల్ని పంపుతున్నాయి. ఫేస్‌బుక్ పోస్టు మాత్రం మా విషయంలో రెండు రోజుల్లో చల్లబడిపోతుంది.

లెక్కల గురించి ఒక మాట. వాట్సాప్‌లో పంచుకున్న లింకు నుంచి వచ్చినవాళ్లు అనలిటిక్స్‌లో (సైట్‌కు ఎవరు ఎక్కడినుంచి వచ్చారో లెక్కపెట్టే టూల్) చాలాసార్లు 'డైరెక్ట్' కింద, అంటే ఎక్కడినుంచి వచ్చారో తెలియనివాళ్లలో, పడతారు. మనం పంచే లింకుకు యూటీఎం ట్యాగ్ (లింకు చివర చేర్చే గుర్తు మాటలు) తగిలిస్తే ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే ఉంచుతుంది. అది తెలియక మా మొదటి ఏడాది అంకెలన్నీ పోగొట్టుకున్నాను, ఎంత మారిందో పోల్చి చూసుకునే వీలే లేకుండా పోయింది. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున డౌన్‌లోడ్ చేసి దాచుకుంటున్నాను.