సీఎస్ఈనా, ఈఈఈనా: ఇప్పుడు ఏది మేలు?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఫోన్లలో ఇదే మాట. "ఏఐతో ఉద్యోగాలు పోతున్నాయంటున్నారు కదా, అయినా ఈఈఈ (ఎలక్ట్రికల్) కాకుండా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పెట్టించమంటారా?" మా అక్క కొడుక్కి వెబ్ ఆప్షన్లు పెట్టించింది నేనే కాబట్టి, అనుకున్నది చెప్పేస్తాను.

జీతం లెక్కన సీఎస్ఈదే పైచేయి. ఫ్రెషర్‌కు మూడున్నర లక్షల ప్యాకేజీ అనుకున్నా (పదేళ్ల కిందటా దాదాపు ఇంతే, అది వేరే బాధ), చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు అదీ ఇవ్వడు. తర్వాత సాఫ్ట్‌వేర్ జీతం ఎగబాకుతుంది, ఎలక్ట్రికల్‌ది పాకుతుంది.

నేను చూసేది వేరు. పని రాని మొదటి రెండేళ్లు జీతమిచ్చి నేర్పేదెవరు? ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2023లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులను పరిశీలిస్తే, ఏఐ సాయంతో కొత్తవాళ్ల పని 34 శాతం పెరిగింది, అనుభవజ్ఞులకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. అంతరం తగ్గుతుందని ఆశ కలిగింది. అదే ఆర్థికవేత్త బృందం 2025 ఆగస్టులో అమెరికా జీతాల రికార్డులు తిరగేస్తే, ఏఐ తాకిడి ఎక్కువున్న వృత్తుల్లో 22–25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గాయి. నాకు అర్థమైనంతలో రెండూ ఒకే కథ. లోపలికెళ్లిన కుర్రాడు ఇద్దరి పని చేస్తుంటే రెండోవాడికి ఆఫర్ లెటర్ రాదు. మన ఐటీ నడిచిందేమో వేలమందిని తీసుకుని, ప్రాజెక్టు దొరికేదాకా జీతమిస్తూ బెంచ్ మీద కూర్చోబెట్టి నేర్పే పద్ధతి మీద. ఖాళీగా ఉన్న ఏడాదీ ఇంట్లో పోషించగలిగితే తట్టుకోవచ్చు. ఎడ్యుకేషన్ లోన్ కిస్తీలు మొదలైనవాడి సంగతేంటి?

ఈఈఈలో సబ్‌స్టేషన్ టెస్టింగ్, సోలార్, ప్యానెల్ బోర్డులు ఇంకా సీనియర్ పక్కన నిలబడి చేత్తో నేర్చుకునే పనులే. విశాఖలో గూగుల్ ప్రకటించిన ఏఐ డేటా సెంటర్ గిగావాట్ స్థాయిది, దానికీ కరెంటు మనుషులు కావాలి. డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) ఉద్యోగ నోటిఫికేషన్లనే నమ్ముకోవద్దు, అవి వచ్చినప్పుడు వస్తాయి. ఇంకోటి, ఈఈఈ పిల్లవాడు కోడింగ్ నేర్చుకుంటానంటే ఎవరూ ఆపరు. సీఎస్ఈ పట్టాతో ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుకు దరఖాస్తే పెట్టలేం.

పాలిటెక్నిక్ చేసి ఈసెట్ (డిప్లొమావాళ్లు బీటెక్ రెండో ఏడాదిలో చేరే పరీక్ష) రాయడం చవకైన దారే కానీ, ఇంటర్ అయిపోయాక ఆ మాట అనవసరం. సివిల్, మెకానికల్ ఇష్టముంటే సరే.

కంప్యూటర్ అంటే నిజంగా పిచ్చి ఉన్న పిల్లలకు సీఎస్ఈ వద్దనను. మావాడికి అది లేదు. మొదటి ఆప్షన్ ఈఈఈ పెట్టాం. మా బావ ఇంకా నాతో ముభావంగానే ఉంటున్నారు.