నీటి ట్రాప్ మీద ఒక ఫిర్యాదు: మూడు వానాకాలాలు చూసిన ఎయిర్‌బ్రష్ కంప్రెసర్

ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగుని తుంపరగా కొట్టే పెన్నులాంటి బ్రష్, దానికి గాలి అందించే కంప్రెసర్ ఇది. ఒక్క పిస్టన్, మూడు లీటర్ల గాలి ట్యాంకు, ఆయిల్ అక్కర్లేదు, ఒత్తిడి 3 బార్ దగ్గర ఆన్, 4 బార్ దగ్గర ఆఫ్. ఆన్‌లైన్‌లో పది పేర్లతో దొరికే మెషీనే ఇది. స్టిక్కరు మారుతుంది, లోపలి సరుకు మారదు. అందుకే లక్షణాల చిట్టా విప్పను, కంపెనీ పేరూ చెప్పను. భీమవరం పక్కన, చుట్టూ చేపల చెరువులున్న ఊళ్లో, 1/35 స్కేలు యుద్ధ ట్యాంకుల బొమ్మలకు రంగులు వేయడానికి మూడేళ్లుగా వాడుతున్నాను. నా గొడవంతా దీనికి తగిలించిన నీటి ట్రాప్, అంటే గాలిలో వచ్చే నీళ్లని పట్టే గిన్నె గురించే. అది చెడిపోలేదు. పెట్టిన చోటే తప్పు.

కొన్న కొత్తలో, ఫిబ్రవరిలో, దీని గురించి "ట్రాప్‌లో చుక్క నీరు చేరట్లేదు, గాలి పొడిగా వస్తోంది" అని రాశాను. ఆ మాటలో మొదటి సగం, ట్రాప్ పెట్టిన చోటే ఉన్నంతకాలం, నిజమే. రెండో సగం ఫిబ్రవరికే పరిమితం. ట్రాప్ గిన్నె ఖాళీగా ఉందంటే గాలిలో నీళ్లు లేవని కాదు, ట్రాప్ దాటాక నీళ్లు పుడుతున్నాయని కూడా కావచ్చు. జూన్ చివర్నుంచి అక్టోబరు దాకా మన డెల్టాలో జరిగేది ఈ రెండోదే.

లోపం బయటపడింది పీటీ-76 అనే తేలికపాటి యుద్ధ ట్యాంకు బొమ్మ మీద. 1971 నవంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ దగ్గర మన సైన్యంలోని 45 కావల్రీ దళం నడిపిన బండి. నీళ్ల మీద తేలాలి కాబట్టి 14 టన్నుల బండికి పడవంత హల్ (ఒళ్లు) ఉంటుంది. పక్కలు రెండూ నున్నగా, విశాలంగా, దాచుకోవడానికి ఏమీ లేకుండా ఉంటాయి. అంతకుముందు చేసిన టీ-55 ట్యాంకు బొమ్మలో ఫెండర్ల మీద పెట్టెలు, ఇంధనం ట్యాంకులు, గొట్టాలు అన్నీ ఉండటంతో చిన్న చిన్న మచ్చలు కంటికి ఆనలేదు. తేలే బండి మీదే నీటి చుక్కలు పట్టుబడటం కాస్త ఎటకారంగానే ఉంటుంది.

వరస ఇలా ఉంటుంది. ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, హాయిగా పడుతుంది, అది పదిహేను నిమిషాల పని కాబట్టి. బేస్ కోటు, అంటే అసలు రంగు, మొదటి పొర కూడా బాగానే ఉంటుంది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు దాటాక బ్రష్ ఒక్కసారి 'తుప్'మంటుంది. ఆలివ్ గ్రీన్ మీద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి బోడి మచ్చలు పడతాయి. మచ్చ మధ్యలో ప్రైమర్ కనిపిస్తుంది, అంచున రంగు గట్టులా పేరుకుంటుంది. అక్కడ కాటన్ బడ్ పెట్టి అద్దితే పని మరీ పాడవుతుంది. ముట్టుకోకుండా వదిలేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, 2000 నంబరు నీటి కాగితంతో గట్టు అరగదీసి మళ్లీ పల్చగా కొట్టడమే దారి.

మొదట అందరం థిన్నర్‌నే అనుమానిస్తాం. తర్వాత నాజిల్ చీలిందంటాం, సూది కొనకు రంగు ఎండిందంటాం. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష రెండు నిమిషాల పని. కప్పులో రంగు లేకుండా, శుభ్రంగా కడిగిన బ్రష్‌తో, నల్ల ప్లాస్టిక్ చెంచా మీద అయిదు సెంటీమీటర్ల దూరం నుంచి ఉట్టి గాలి కొట్టాలి. మెషీన్ ఆన్ చేయగానే కాదు, అరగంట నడిచి పిస్టన్ తల వేడెక్కాక. చెంచా మీద సన్నటి తుంపర కనిపిస్తే లోపం గాలి గొట్టంలో ఉంది. చెంచా పొడిగా ఉంటే అప్పుడు రంగు మీద పడండి.

కారణం చెబుతాను, ఎందుకంటే అది తెలియకపోతే దీనికి ఎన్ని ట్రాప్‌లు తగిలించినా దండగే. 30 డిగ్రీల దగ్గర, 90 శాతం తేమలో, క్యూబిక్ మీటరు గాలిలో దాదాపు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఈ మెషీన్ నిమిషానికి 20 లీటర్లు పీలుస్తుంది. గంట పనిలో అరగంటే తిరిగిందనుకున్నా 600 లీటర్లు, అంటే 16 గ్రాముల నీళ్లు లోపలికి పోయాయి. ఆ గాలిని నాలుగైదో వంతుకు కుదించి మళ్లీ 30 డిగ్రీలకు చల్లారిస్తే అది 4 గ్రాములకు మించి మోయలేదు. మిగతా 12 గ్రాములు, రెండున్నర టీ స్పూన్లు, ఎక్కడో ఒకచోట నీళ్లుగా మారి తీరాలి.

ఎక్కడ అన్నదే ప్రశ్న. కుదించినప్పుడు గాలి వేడెక్కుతుంది, వేడిగా ఉన్నంతసేపు ఆవిరి ఆవిరిగానే ఉంటుంది. ట్రాప్ చేసేది గాలిని సుడి తిప్పి బిందువుల్ని గోడకు కొట్టడం. ఆవిరిని అది పట్టలేదు. తయారు చేసినవాళ్లు ట్రాప్‌ని తీసుకెళ్లి పిస్టన్ తలకు జానెడు దూరంలో, ట్యాంకు నెత్తిన పెట్టారు. మెషీన్ నడుస్తున్న కొద్దీ ట్యాంకు కూడా గోరువెచ్చబడుతుంది. వెచ్చటి గాలి ట్రాప్‌లోంచి దర్జాగా దాటిపోయి, రెండు మీటర్ల అల్లిక గొట్టంలో చల్లబడి, అక్కడ నీళ్లవుతుంది. ఆ గొట్టానికి చివరున్నది మన బ్రష్. తలుపు దగ్గర కాపలా పెట్టి దొంగని పెరట్లోంచి రానిచ్చినట్టుంది వ్యవహారం.

కాబట్టి మందు ట్రాప్ మార్చడం కాదు, ట్యాంకుకీ ట్రాప్‌కీ మధ్య గాలిని చల్లార్చడం. ఫ్రిజ్ రిపేరు షాపులో పావు అంగుళం మెత్తటి రాగి గొట్టం మీటర్ల లెక్కన అమ్ముతారు. 3 మీటర్లు చాలు. 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క మీద చేత్తోనే చుట్టొచ్చు, మడత పడదు. చుట్టుకు సుమారు 36 సెంటీమీటర్లు పడుతుంది. రెండు కొసలకు వదులుకుంటే 7 చుట్లు వస్తాయి. లోపల థిన్నర్ పోసి కడిగి, ఊది ఆరబెట్టాలి. పాత పెయింటు బకెట్‌లో కూర్చోబెట్టి నీళ్లు పోస్తే కూలర్ అయిపోయింది.

రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, చుట్ట నుంచి బయటికొచ్చే కొసని బకెట్ అంచు మీదుగా పైకి తేవడం. అలా తెస్తే నీళ్లు అడుగు చుట్టలో నిలిచి, నిండాక గుటకలు గుటకలుగా ఒక్కసారి ట్రాప్ మీదికి దూకుతాయి. గాలి పై నుంచి దిగి అడుగునే బయటికి పోవాలి. బకెట్ అడుగు పక్కన రంధ్రం చేసి, గొట్టం దూర్చి, చుట్టూ ఎం-సీల్ పెట్టాలి. ఎక్కడా ఎదురు వాలు ఉండకూడదు.

రెండోది అతుకులు. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, గొట్టం గుచ్చితే పట్టుకునే 6 మిల్లీమీటర్ల పుష్ కనెక్టర్‌లోకి దిగదు. బలవంతం చేస్తే లోపలి రబ్బరు చీలి కారుతుంది. ఫ్రిజ్ వాళ్ల ఫ్లేర్ నట్టుకూ కంప్రెసర్ 1/8 అంగుళం మరకీ పొసగదు. తేలిక మార్గం ఏమిటంటే 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న అల్లిక రబ్బరు గొట్టాన్ని రాగి మీదికి తొడిగి, ప్రతి కొసకీ రెండేసి క్లిప్పులు బిగించడం. చెరువులకు గాలి పెట్టే గొట్టం ఊళ్లో ఏ ఆక్వా షాపులోనైనా దొరుకుతుంది గానీ దానికి 4 బార్ మోసే శక్తి లేదు, ఆశపడకండి. సార్టెక్స్ (రంగు చూసి చెడ్డ గింజల్ని ఏరేసే మెషీన్) ఉన్న రైస్ మిల్లులకు సామాను అమ్మే షాపుల్లో అడగండి. ఆ మెషీన్లు నడిచేదే గాలి ఒత్తిడితో కాబట్టి గాలి గొట్టాలు, 1/8 మర కనెక్టర్లు అక్కడ ఉంటాయి. అన్నీ బిగించాక 4 బార్ దాకా నింపి, స్విచ్ ఆపి, అతుకుల మీద సబ్బు నురగ రాయాలి. పావుగంటలో ముల్లు కదలకూడదు.

ట్రాప్, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, ముందు ట్రాప్, వెనక రెగ్యులేటర్. ఆ ముక్కని ట్యాంకు మీంచి ఊడదీసి బల్ల అంచుకు, బకెట్ కంటే కిందికి బిగించాలి. ఇక్కడే అనుకోని లాభం ఒకటి దొరికింది. చల్లారిన గాలి 4 బార్ దగ్గర నీళ్లు వదిలేసి, ఆ తర్వాత రెగ్యులేటర్‌లో 1.2 బార్‌కి పడుతుంది. పరిమాణం రెట్టింపు పైగా పెరుగుతుంది కాబట్టి దాని తేమ శాతం సగానికి దిగిపోతుంది. అందుకే బకెట్‌లో ఐసు కూడా వేయనక్కర్లేదు, బావి నీళ్లు సరిపోతాయి. ఈ మార్పు చేశాక, ముసురు పట్టిన ఆగస్టు మధ్యాహ్నం గంటసేపు కొట్టినా చెంచా పొడిగానే ఉంది. మూడేళ్లుగా ఖాళీగా కూర్చున్న ట్రాప్ గిన్నెలో మాత్రం గంటకు రెండు మూడు మిల్లీలీటర్లు చేరుతున్నాయి.

బ్రష్ కింద పిడిలా బిగించే చిన్న ట్రాప్‌ని చాలామంది సలహా ఇస్తారు. చివరి చుక్కకి అది పనికొస్తుంది, కానీ చేతి బరువు పెరుగుతుంది. సన్నటి గీతలు లాగేటప్పుడు మణికట్టు ఒప్పుకోదు. సిలికా జెల్ గొట్టం కూడా పెట్టి చూశాను. రాగి చుట్ట లేకుండా ఒక్కటే పెడితే జులైలో గంట తిరక్కుండానే గుళికల రంగు మారిపోతుంది. పెడితే చుట్ట తర్వాతే పెట్టండి, నీలం కాకుండా నారింజ రంగువి కొనండి. నీలంలో ఉండే కోబాల్ట్ ఒంటికి మంచిది కాదు. గుళికలు ఎండబెట్టే మూకుడు మళ్లీ వంటకి వాడకూడదు.

అన్ని పాపాలూ ట్రాప్ నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. చెంచా పొడిగా ఉండి, లక్కర్ (ఘాటు థిన్నర్‌తో పల్చబరిచే, త్వరగా ఆరే రంగు) లేదా మ్యాట్ వార్నిష్ కొట్టాక బండంతా బూడిద పూసినట్టు తెల్లబడితే, అది గదిలో తేమ పని. థిన్నర్ త్వరగా ఎగిరిపోతూ పై పొరని చల్లబరుస్తుంది, ఆ చలికి గాలిలో ఆవిరి దాని మీద పడుతుంది. ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్‌ని థిన్నర్‌లో నూటికి అయిదు పాళ్లు కలిపితే చాలావరకు ఆగుతుంది. తెల్లబడ్డాక కూడా ఉట్టి రిటార్డర్ థిన్నర్ పల్చటి తుంపరగా కొడితే కరిగి తేటపడుతుంది. షాపులో దొరికే చవక ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ బ్రష్ కడగడానికి ఉంచుకోండి, వానాకాలం వార్నిష్‌లో మాత్రం కలపొద్దు. దాంతో ట్రాప్ గిన్నెని కూడా తుడవకండి. ఆ ప్లాస్టిక్ జుట్టంత సన్నగా పగుళ్లిస్తుంది, ఒత్తిడిలో ఉండగా పగిలితే కళ్లకు ప్రమాదం.

ఏసీ గది ఉన్నవాళ్లకు ఇంకో మాట. శబ్దం భరించలేక కంప్రెసర్‌ని వరండాలో పెట్టి గొట్టం లోపలికి తెచ్చుకుంటే, పీల్చేదంతా వరండా చెమ్మే. మెషీన్ కూడా ఏసీ గదిలోనే ఉండాలి. 25 డిగ్రీలు, 50 శాతం తేమ అంటే క్యూబిక్ మీటరుకు పదకొండున్నర గ్రాములే, బయటి దాంట్లో సగం లేదు. అయితే తలుపులు మూసిన గదిలో లక్కర్ కొట్టడం ఆరోగ్యానికి చెరుపు. ఎగ్జాస్ట్ పెడితే బయటి తేమ లోపలికొస్తుంది. అక్రిలిక్‌లకు ఏసీ గది, లక్కర్‌కి బయట ఎండ కాసే రోజు, ఇంతకంటే మధ్యేమార్గం దొరకలేదు.

శబ్దం గురించి మొదట్లో మెచ్చుకున్నాను. మూడేళ్లకి రబ్బరు కాళ్లు గట్టిపడి మొజాయిక్ గచ్చు మీద గడగడలాడుతోంది. కొబ్బరి పీచు పట్టా రెండు మడతలు వేసి కింద పరిస్తే తగ్గింది. ఖాళీ ట్యాంకు నిండటానికి మొదట్లో నిమిషం పట్టేది, ఇప్పుడు నిమిషంన్నర. రాత్రి చెరువుల మీద ఏరియేటర్లు తిరిగే వేళ కరెంటు తగ్గితే, 3 బార్ ఎదురొత్తిడి మీద మోటారు లేవలేక మూలుగుతుంది. అలా మూలిగితే వెంటనే స్విచ్ కట్టేసి, గాలి మొత్తం వదిలి, అప్పుడు వేయాలి. లేకపోతే వైండింగ్ కాలుతుంది.

ఇక పీటీ-76 మచ్చల సంగతి. పక్కల మీదివి అరగదీసి మళ్లీ కొట్టాల్సొచ్చింది. హల్ అడుగునవి మాత్రం బురద కింద పోయాయి. చక్రాల వెనక బురదకి గోదావరి ఒండ్రు కంటే మంచి రంగు సీసాల్లో దొరకదు గానీ నేరుగా వాడకూడదు. వాయిలు గుడ్డలో జల్లించి, మూకుడులో పావుగంట వేయించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మూడో వంతు కలిపి, మ్యాట్ అక్రిలిక్ మీడియంతో తడపాలి. వేయించకపోతే శ్రావణంలో బూజు పడుతుంది. మట్టి నరసాపురం, అంతర్వేది వైపుది అయితే ఉప్పు పొంగి నెలలో తెల్లటి పొర తేలుతుంది. ఎగువన, కాలువ గట్టు మట్టి తెచ్చుకోండి.

కొనొచ్చా అంటే, నేను ఏడాదికి మూడు నాలుగు బండ్లు చేస్తాను, అందులో సగం వానాకాలంలోనే. నాకు రాగి చుట్టతో కలిపితేనే ఇది కంప్రెసర్, లేకపోతే తుంపర యంత్రం. జనవరి నుంచి మే దాకానే రంగులు వేసేవాళ్లకి, పొడి ఊళ్లలో ఉండేవాళ్లకి పెట్టెలోంచి తీసి తగిలించినా నడుస్తుందేమో. నాకున్న దిగులు ట్యాంకు గురించి. పని అయ్యాక ఒక బార్ గాలి ఉండగా అడుగు వాల్వు విప్పి నీళ్లు దించేయాలి, ఈ సంగతి మాన్యువల్‌లో ఒక్క లైనుగా ఉంది. మొదటి ఏడు అది ఎవరు చదివారు? ఇప్పుడు వాల్వులోంచి టీ రంగు నీళ్లొస్తున్నాయి. లోపల తుప్పు ఎంత తిన్నదో చూసే వీల్లేదు. ఎక్కడైనా సూది మొనంత చెమర్చినా వెల్డింగ్‌కి ఇవ్వను, ట్యాంకే మారుస్తాను.