మా 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్, చాన్నాళ్లు వాడాక: అద్దానికి వంక పెట్టలేం, నా గొడవంతా అడుగునున్న రోలర్లతోనే

డాబ్సోనియన్ అంటే నేల మీద పెట్టిన బేస్ మీద చేత్తో అటూ ఇటూ తిప్పుకునే అద్దపు టెలిస్కోప్. అద్దం సైజెంత, ఫోకల్ లెంగ్త్ ఎంత, డబ్బాలో ఏమేం వస్తాయి, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి రాయట్లేదు. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క సంగతి, టెలిస్కోప్ బేస్ అడుగున ఉండే రోలర్ బేరింగ్. కొనే ముందు దీని గురించి ఎవ్వరూ గట్టిగా చెప్పరు, అందరూ అద్దం గురించే మాట్లాడతారు. అనంతపురం లాంటి గాలి, దుమ్ము ఉన్న ఊళ్లో ఆ అద్దం మంచిదో చెడ్డదో తేలేది ఈ అడుగు భాగం సరిగ్గా తిరిగినప్పుడే.

మాది ఒక్కడి టెలిస్కోప్ కాదు. నలుగురం చందాలేసుకుని కొన్నాం, ట్యూబూ బేసూ కలిపి 20 కిలోల పైమాటే కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇల్లున్న ఫ్రెండ్ దగ్గర పెట్టాం, ఐపీసులు, అంటే కన్ను పెట్టి చూసే చోట దూర్చే లెన్సులు, మాత్రం ఎవరివి వాళ్లవి, ఒకడి దగ్గర 32 మిల్లీమీటర్లది, ఇంకొకడి దగ్గర 6 ది, నా దగ్గర ఐపీస్ పవర్ ఇంకా పెంచే బార్లో లెన్స్. ఊరు దాటి ఉరవకొండ వైపు ఒక ఫ్రెండ్ వాళ్ల చేను ఉంది, అమావాస్య దగ్గర్లో వీలైనప్పుడల్లా పోతాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది, రైతుకి అది ఎంత కష్టమో మా ఇళ్లల్లో అందరికీ తెలుసు, కానీ మబ్బు లేని రాత్రులు మాత్రం ఇక్కడ బాగా దొరుకుతాయి. పోయిన ప్రతిసారీ చేను వాళ్ల ఇంట్లోవాళ్లు, పక్క చేలవాళ్లు, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరతారు, అంటే ఎప్పుడూ క్యూ ఉంటుంది.

ఈ క్యూ దగ్గరే అసలు సమస్య. ఈ టెలిస్కోప్‌కి మోటార్ ఉండదు, చేత్తో తోసుకోవాలి. 6 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 200 రెట్లు పెద్దగా కనిపిస్తుంది, కానీ కనిపించే ఆకాశం పావు డిగ్రీ మాత్రమే, భూమి తిరుగుతున్నందుకు ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరిగిపోతుంది, అంటే ఏ గ్రహమైనా ఇటునుంచి అటు దాటిపోవడానికి నిమిషానికి కొంచెం అటూ ఇటూ. ఒకరు చూసి లేచి, ఇంకొకరు కూర్చుని, కన్ను ఎక్కడ పెట్టాలో వెతుక్కునే లోపల వస్తువు పోయుంటుంది. కాబట్టి ప్రతి మనిషికీ ముందు ట్యూబుని వెంట్రుకవాసి జరపాలి, ఎంత జరపాలనుకున్నామో అంతే జరగాలి, వదిలేశాక అక్కడే నిలబడాలి.

కొత్తలో నేను దీన్ని అందరి దగ్గరా తెగ పొగిడాను, ఒక్క వేలితో తిరుగుతుంది చూడండి అని. అది అబద్ధం కాదు, నున్నటి గచ్చు మీద, గాలి లేని రాత్రి, చంద్రుణ్ణి తక్కువ పవర్‌లో చూస్తున్నప్పుడు నిజంగా అట్లే తిరిగేది. బేస్‌లో కింది పలకకీ పై పలకకీ మధ్యన ఒక ప్లాస్టిక్ చట్రం, దాంట్లో చిన్న చిన్న లోహపు రోలర్లు ఉంటాయి. కానీ అంత తేలిగ్గా తిరిగేది మన వేలికి తిరిగినట్టే గాలికీ తిరుగుతుంది. ట్యూబ్ పొడవు దాదాపు 1.2 మీటర్లు, నడినెత్తికి చూస్తుంటే గాలి పెద్దగా ఏం చేయలేదు, దిక్కు చివర కిందికి ఉన్నవాటిని చూస్తుంటే మాత్రం ట్యూబ్ అడ్డంగా పడుకుని ఉంటుంది, గాలి దాని మూతి పట్టుకుని పక్కకి తోసేస్తుంది. ఊరికే అన్ని కరెంటు తీసే గాలి ఫ్యాన్లు పెట్టలేదు కదా మా జిల్లాలో, మేం కూర్చునే చోటు నుంచి చూస్తే ఒక పక్కంతా వాటి మీది ఎర్ర లైట్లే కనిపిస్తాయి.

ఒకసారి మే నెలలో ఒమేగా సెంటారీ చూద్దామని పోయాం. తెలియనివాళ్లకి చెప్తాను, అదొక గ్లోబులర్ క్లస్టర్, సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో కోటి దాకా నక్షత్రాలున్న పెద్ద ముద్ద. లండన్‌లో ఉండేవాళ్లకి ఇది అసలు పైకే రాదు, మనకి మాత్రం మే రెండో వారంలో రాత్రి 10 దాటాక సరిగ్గా దక్షిణాన 28 డిగ్రీల దాకా లేస్తుంది. చిత్త నక్షత్రం పట్టుకుని నేరుగా కిందికి 36 డిగ్రీలు దిగితే అదే, చెయ్యి చాచి పిడికిలితో కొలిస్తే మూడున్నర పిడికిళ్లు. చీకటి బాగుంటే ఉత్తి కంటికే మసక చుక్కలా తెలుస్తుంది.

టెలిస్కోప్‌ని కళ్లంలో పెట్టాం. మే నెల కాబట్టి చేలన్నీ దున్ని ఖాళీగా ఉన్నాయి, పొద్దుగూకినప్పటి నుంచే గాలి, ఎర్రమట్టి లేస్తా ఉంది. ఫ్రెండ్ వాళ్ల పెద్దనాయన స్టూల్ మీద కూర్చున్నాడు, ఆయనకి మోకాళ్ల నొప్పులు, అయినా రోడ్డు దాటి నడుచుకుంటా వచ్చాడు. నేను క్లస్టర్‌ని మధ్యకి తెచ్చి పక్కకి జరిగాను. 

"ఏమప్పా, ఏం కనపడ్లేదే?" అన్నాడు.

"ఇప్పుడే ఉన్నింది పెద్దనాయనా, ఒక్క నిమిషం" అని మళ్లీ పట్టాను. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేదు. గాలి కొట్టినప్పుడల్లా ట్యూబ్ దానంతటదే జరుగుతోంది. నాలుగోసారో ఐదోసారో జరపబోతే ఇంకో వింత, అసలు కదల్లేదు. కొంచెం గట్టిగా తోస్తే కరకరమని శబ్దం వచ్చి ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు దూకింది. తర్వాత ఒక చోట పూర్తిగా బిగుసుకుపోయింది, ఇంకా తోస్తే బేస్ ఒక పక్క నేల మీంచి లేస్తోంది. ఇట్ల గాలికి తిరుగుతుంది, చేతికి తిరగదు, నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను, పిల్లలు లైన్లో నిలబడి ఉన్నారు, పెద్దాయన ఏమీ అనకుండా కూర్చుని ఉన్నాడు, అదే ఇంకా బాధ.

ట్యూబ్ తీసి పరుపు మీద పడుకోబెట్టి, ఎర్ర టార్చి వెలుగులో నడిమి బోల్ట్ విప్పి పై పలక ఎత్తాం. లోపల రోలర్ల మధ్యంతా సన్న ఎర్రమట్టి, ప్లాస్టిక్ చట్రం ఒక చోట పగిలి రెండు రోలర్లు గూట్లోంచి బయటికొచ్చి అడ్డం తిరిగి ఉన్నాయి, వాటి కిందున్న పలక మీద నెలవంక ఆకారంలో గీతలు. అడిగితే అమ్మినవాళ్లు స్పేర్ చట్రం విడిగా రాదు అన్నారు తర్వాత, అది వేరే సంగతి. ఆ రాత్రికి ఏం చేయాలి? మాలో మోటార్లు రిపేర్ చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడు రోలర్లన్నీ తీసి పక్కన పడేసి, మోటార్ షెడ్డులో ఉన్న పాత ప్లాస్టిక్ క్యాన్ మూత తెచ్చి కత్తితో మూడు ముక్కలు కోశాడు, సరిగ్గా కింద మూడు కాళ్లు ఎక్కడున్నాయో వాటి మీదకి వచ్చేలా పెట్టి పై పలక దించి బోల్ట్ బిగించాడు. మొరటుగా ఉంది, తోయాలంటే బలం పట్టింది, కానీ వదిలేస్తే అక్కడే నిలబడింది. గాలికి అసలు జరగలేదు.

పెద్దనాయన మళ్లీ కూర్చుని కన్ను పెట్టి చాలాసేపు కదల్లేదు. "ఇసక చల్లినట్టుంది కదప్పా" అన్నాడు. 120 రెట్లలో 8 అంగుళాల అద్దానికి ఒమేగా సెంటారీ అట్లే ఉంటుంది, అంచు నుంచి నడిమి దాకా విడివిడి చుక్కలు. ఆ అద్దం అంత బాగా చూపించగలదని మాకూ ఆ రోజే పూర్తిగా తెలిసింది, ఎందుకంటే అంతసేపు అది ఒక్కచోట నిలిచింది అప్పుడే.

దీని వెనకాల కథ ఒకటుంది. ఈ డిజైన్‌కి పేరొచ్చింది జాన్ డాబ్సన్ వల్ల, 1915లో బీజింగ్‌లో పుట్టాడు, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో చేరి 1967 దాకా రామకృష్ణ సంప్రదాయపు సన్యాసిగా ఉన్నాడు, మఠంలో ఉండగానే పాత గాజు దిమ్మలు అరగదీసి అద్దాలు చేసేవాడు, బయటికొచ్చాక టెలిస్కోపులు ఫుట్‌పాత్ మీద పెట్టి దారిన పోయేవాళ్లకి చూపించేవాడు, 2014లో చనిపోయాడు. అట్టగొట్టం, ప్లైవుడ్ లాంటి చవక సామానుతోనే చేశాడు, ఆయన పద్ధతి నుంచి వచ్చిన డాబ్సోనియన్లలో కింద తిరిగే చోట బేరింగులుండవు, టెఫ్లాన్ అనే జారుడు ప్లాస్టిక్ ముక్కల మీద పలక జారుతుంది అంతే. మా వాడు మూతతో చేసింది మొరటుగానే అయినా అదే పద్ధతి. జనానికి చూపించడానికి పుట్టిన టెలిస్కోప్‌లో జనానికి చూపించడానికి పనికొచ్చే భాగాన్నే తీసేసి రోలర్లు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. షోరూమ్‌లో వేలితో తిప్పి చూపించడానికి బాగుంటుందని పెట్టారేమో.

ఊళ్లోకి వచ్చాక పాత ఊర్లో కార్పెంటర్ దగ్గర సన్‌మైకా వేయించాం. ఇక్కడ ఒక మాట, ఎవరైనా చేయించుకుంటే నున్నగా మెరిసే సన్‌మైకా వద్దు, చేత్తో తడిమితే సన్నగా గరుకు తగిలేది కావాలి, షాపతను మెరిసేదే బాగుంటుంది సార్ అని రెండుసార్లు చెప్పాడు, మేం ఒప్పుకోలేదు. గరుకుదాని మీద టెఫ్లాన్ ఉంటే, ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి పట్టే బలం, కదిలాక నడపడానికి పట్టే బలం దాదాపు ఒకటే అవుతుంది, అందుకే దూకదు. పై పలక అడుగుకి సన్‌మైకా ఫెవికాల్‌తో అతికించి, కింది పలక మీద మూడు టెఫ్లాన్ ముక్కలు కాళ్లకి సరిగ్గా పైన, మేకు తలలు లోపలికి దిగేలా కొట్టించాం. బరువు నేరుగా కాళ్లలోకి దిగుతుంది, పలక వంగదు. సన్‌మైకా మీద కారు పాలిష్ మైనం ఒక్క పూత. అయిన ఖర్చు ఒక ఐపీస్‌లో సగం కూడా కాదు.

ఇప్పుడు 200 రెట్లలో శనిని పట్టుకుని చూపుడువేలితో మెల్లగా నొక్కితే అంగుళంలో ఎన్నో వంతు జరిగిందో కంటికి కనిపిస్తుంది, వేలు తీస్తే అక్కడే ఉంటుంది. 2025 చివర్లో శని వలయాలు మనకి అంచు వైపు తిరిగి సన్న గీతలా ఉన్నప్పుడు అంత సన్నటి గీతని వరసపెట్టి అందరికీ చూపించగలిగాం. దుమ్ము పడితే పై పలక ఎత్తి గుడ్డతో తుడిస్తే సరి, పగిలేదేమీ లేదు.

అట్లని అన్నిటికీ మంచిది అనను. నడినెత్తి దగ్గర ఇది కొంచెం ఇబ్బంది పెడుతుంది. 2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, అప్పుడు మిథునంలో ఉన్నాడు, మా ఊరి నుంచి 82 డిగ్రీల ఎత్తు దాకా పోయాడు. అంత నిట్టనిలువుగా ట్యూబ్ పెట్టినప్పుడు పక్కకి జరపాలంటే పట్టుకునే చోటే ఉండదు, బేస్‌నే పట్టి తిప్పాలి, ఆ ఒక్క విషయంలో పాత రోలర్లే తేలిక. మేం చేసుకున్నదేంటంటే గురుడు అంత ఎత్తుకి పోకముందే ఎనిమిది తొమ్మిదింటికి చూపించేసి, నెత్తి మీదికి వచ్చాక వేరేవాటికి పోయాం. చలికాలం పొద్దుగూకాక ఇంకా మంచు లేకుండా పొడిగా ఉండటం మన వైపు అదృష్టం.

మిగతావి క్లుప్తంగా. చేను దారి గతుకులకి అద్దాలు కొంచెం కదులుతాయి, పోయిన ప్రతిసారీ సరిచూసుకోవాలి, అలవాటైతే ఐదు నిమిషాల పని. బార్లో, బరువు ఐపీస్ కలిపి పెడితే ట్యూబ్ మూతి కిందికి వాలుతుంది, వెనక అయస్కాంతం అతికిస్తే సరిపోయింది. బేస్ పార్టికల్ బోర్డుది, దాని అంచులు నీళ్లు తగిలితే ఉబ్బుతాయి, వానలో తడవనీయొద్దు.

కొనాలా అంటే, మాకు గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లుంది, దాన్ని ఎత్తడానికి నలుగురం ఉన్నాం, ఊరవతల మనదనే చేను ఉంది, మీవాడే మంచి కార్పెంటర్ అయితే ఇంకా మేలు. ఇవి ఉంటే తీసుకోండి, కానీ కొనేటప్పుడు అడుగున రోలర్లా టెఫ్లానా అని అడిగి చూడండి, రోలర్లయితే సన్‌మైకా ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కర్నూల్లోనో కడపలోనో మూడో అంతస్తులో ఒక్కరే ఉండి బైక్ మీద పోయేవాళ్లయితే 10x50 బైనాక్యులర్‌తో మొదలుపెట్టమంటాను, ఒమేగా సెంటారీ దాంట్లోనూ మసక బంతిలా దొరుకుతుంది. మేం మాత్రం మళ్లీ చందాలు మొదలుపెట్టాం, ఈసారి వైడ్ ఫీల్డ్ ఐపీస్‌కి, అది పెడితే వస్తువు ఇంకో అర నిమిషం ఎక్కువసేపు కనిపిస్తుంది, క్యూలో ఉన్న పెద్దవాళ్లు తొందరపడకుండా కూర్చోవచ్చు.