గెటిస్‌బర్గ్ చెట్ల గుంపు దగ్గరి కంచు పుస్తకం

అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన చోట, పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ జాతీయ సైనిక ఉద్యానవనంలో 1,300కు పైగా స్మారకాలు, ఫలకాలు ఉన్నాయి. వాటిలో ఒక్కదాని దగ్గర మాత్రమే తీరిగ్గా నిలబడగలిగే వ్యవధి ఉన్నవారు, కారులో తిరిగే దారిలో 15వ మజిలీగా గుర్తించిన ‘హై వాటర్ మార్క్’ (పోటు నీరు చేరిన గరిష్ఠ హద్దు) స్మారకాన్ని ఎంచుకోవాలని నా సిఫార్సు. వాషింగ్టన్ పరిసరాల్లో ఉండే తెలుగువారికి ఇది సుమారు 80 మైళ్ల దూరం. యుద్ధభూమిలో తిరగడానికి ప్రవేశ రుసుము లేదు. మ్యూజియానికి మాత్రం టికెట్ కొనాలి.

1892లో ఆవిష్కరించిన ఈ స్మారకం రాతి పీఠం మీద తెరిచి నిలిపిన పెద్ద కంచు పుస్తకం. 1863 జూలై 3 మధ్యాహ్నం, దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం ఏ చెట్ల గుంపును గురిగా పెట్టుకుని దాడికి దిగిందో ఆ చోటు పక్కనే, ఇనుప కంచె లోపల ఉంది. తిరుగుబాటు పోటు ఇక్కడి వరకే వచ్చి వెనుదిరిగిందని చెప్పడం దీని ఉద్దేశం. దాడి చేసిన దళాల పేర్లనూ, దాన్ని తిప్పికొట్టిన దళాల పేర్లనూ ఒకే పుస్తకంలో చెక్కించడం నాకు ఎంతో నచ్చింది. అయితే వెబ్, హాల్, హారో అన్న ఉత్తరాది దళనాయకుల పేర్లు ముందే తెలియని సందర్శకుడికి ఇది ఒక పట్టికగానే మిగిలిపోతుంది. ఆ మనుషులు ఎందుకు పోరాడారో, ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వం ఏమిటో ఈ కంచు పుటల నుంచి తెలుసుకోలేము.

అందుకే నేరుగా స్మారకం దగ్గర కారు ఆపకుండా, ఎదురుగా ఉన్న సెమినరీ రిడ్జ్ అనే మిట్ట మీది వర్జీనియా స్మారకం నుంచి పొలాల మీదుగా కాలిబాటన నడిచి రావడం మేలు. సుమారు 12,000 మంది దక్షిణాది సైనికులు, మైలుకు కాస్త తక్కువైన ఈ ఆరుబయటినే ఫిరంగి గుండ్లకూ తుపాకులకూ ఎదురొడ్డి దాటవలసి వచ్చింది. వారిలో దాదాపు సగం మంది మరణించారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. దూరం నుంచి చదునుగా కనిపించే నేలలో ఎన్ని పల్లాలు, ఎన్ని మిట్టలు ఉన్నాయో, ఎమిట్స్‌బర్గ్ రోడ్డు దాటాక ముందున్న ఎత్తు ఎంత నిర్దయగా కనిపిస్తుందో నడిచినవారికే అర్థమవుతుంది. అలా వచ్చి చదివితే ఆ దళాల పేర్ల వెనుక మనుషులు కనిపిస్తారు. దారిపొడవునా కనిపించే బ్రిగేడ్ ఫలకాలను గుర్తుపట్టడానికి ఒక సులువు ఉంది: ఉత్తరాది దళాల ఫలకాల పీఠాలు చతురస్రంగా ఉంటాయి, దక్షిణాది దళాలవి గుండ్రంగా ఉంటాయి.

ఆ పుస్తకంలో లేని రెండు పేర్లను ఇక్కడ తప్పక చెప్పాలి. స్మారకానికి ఉత్తరంగా కొద్ది దూరంలో ఉన్న చిన్న తెల్లని ఇల్లు అబ్రహం బ్రయన్ అనే స్వేచ్ఛా నల్లజాతి రైతుది. దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలో నల్లజాతివారిని పట్టుకుని బానిసలుగా దక్షిణానికి తరలిస్తుండటంతో ఆ కుటుంబం ముందే ఊరు విడిచి వెళ్లింది. తిరిగి వచ్చి పాడైన ఇంటికీ పంటకూ 1,028 డాలర్ల పరిహారం కోరితే, బ్రయన్‌కు దక్కింది 15 డాలర్లు. రెండవ పేరు బాసిల్ బిగ్స్. యుద్ధం ముగిశాక తాత్కాలిక గోతుల్లో ఉన్న ఉత్తరాది సైనికుల భౌతికకాయాలను వెలికితీసి జాతీయ శ్మశానవాటికకు చేర్చే పనికి నాయకత్వం వహించిన నల్లజాతి పౌరుడాయన. తర్వాత ఈ చెట్లున్న నేలను ఆయనే కొన్నాడు. ఆయన చెట్లు నరికించబోతుంటే, స్మారకం రూపకర్త జాన్ బాచెల్డర్ నచ్చజెప్పి ఆపించాడు. బిగ్స్ అంగీకరించి ఉండకపోతే ఈ గుర్తుకు గురి అనేదే మిగిలేది కాదు. ఇంతటి మనిషి పేరు ఈ పీఠం మీద లేకపోవడం నన్ను నిజంగా బాధించింది.

స్మారకం బాగా భద్రపరిచిన స్థితిలో ఉంది. ముదురు కంచు మీద అక్షరాలు ఎండలో మెరిసి కొన్ని వరుసలు చదవడం కష్టమవుతుంది కనుక, ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్లడం మంచిది. పిల్లలతో వెళ్లేవారు బ్రయన్ ఇంటి వద్ద ఆగి, ఆ తర్వాతే పుస్తకం దగ్గరకు రండి. వేసవిలో పొలం దాటేటప్పుడు నీడ దొరకదు. నీళ్లు, టోపీ, కాళ్లను నిండుగా కప్పే బట్టలు అవసరం.