తంజావూరులో 6,500 పోసి కొన్న బల్లెం

తంజావూరు వెళ్లి పాత ఆయుధాలు కొందామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి.

పెద్ద గుడి, సరస్వతీ మహల్ హాయిగా చూశాం. బస్టాండు దగ్గర లాడ్జిలో రూమ్‌కి 1,800, వేడినీళ్లు పొద్దున ఏడింటి దాకానే. దానికి సర్దుకున్నాం. నన్ను ముంచింది మాత్రం తిరుగుదారిలో కనబడిన ఒక పాత సామాన్ల కొట్టు.

ఇత్తడి దీపాల వెనక అడుగున్నర పొడవు బల్లెం అలుగు, అంటే కర్రకి తొడిగే ఇనుప మొన, ఒకటి ఉంది. వెడల్పాటి ఆకులా ఉండి, నడుమ నెమలి బొమ్మ, చుట్టూ చిల్లుల నగిషీ, ఒళ్లంతా తుప్పు. "నాయకరాజుల కాలంది సార్, యుద్ధంలో వాడింది" అన్నాడు కొట్టాయన. 9,000 చెప్పి 6,500కి ఇచ్చాడు. బిల్లు అడిగితే పాత సామానుకి బిల్లు ఉండదన్నాడు. ఆ మాట వినగానే నేను బయటికి వచ్చేయాల్సింది. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, 1972 చట్టం ప్రకారం దాన్ని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. నిజంగా అంత పాతదైతే కాగితం లేకుండా ఎలా అమ్ముతాడు?

మా బావకి గూడూరులో లేత్ వర్క్‌షాపు ఉంది. నేను కొనేటప్పుడు ఆయన ఆడవాళ్లతో చీరల కొట్లో ఉన్నాడు. రాత్రి రూమ్‌లో చూపిస్తే నెమలి వంక కూడా చూడలేదు. ఫోన్ టార్చ్ వేసి, కర్ర దిగే గొట్టంలోకి చూశాడు.

"ఒరేయ్, ఇది పైపు ముక్క రా. అలుగుకి వెల్డింగ్ చేసి పైన అరగదీశారు."

కొలిమిలో చేసిన గొట్టం నోటి దగ్గర వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుందట. రేకుని చుట్టి కొట్టిన అతుకు ఒక పక్క తెలుస్తుందట. దీని వ్యాసం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే. గోటితో గీకితే తుప్పు పొడిలా రాలింది, దాని కింద గ్రైండర్ గీతలు, అన్నీ ఒకే వాలులో. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

అసలైన పాత ఆయుధాలు ఎలా ఉంటాయో చూద్దామని శుక్రవారం చెన్నైలో దిగి ఎగ్మోర్ మ్యూజియానికి వెళితే సెలవు. మన సాలార్‌జంగ్‌కీ శుక్రవారమే సెలవు, గుర్తుపెట్టుకోండి. ఇంకో రోజు రూమ్‌కి 2,200 అయింది. అందరూ విసుక్కున్నారు. కానీ శనివారం ఆ ఆయుధాల గదిలో నిలబడ్డాక ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు.

తంజావూరు ఆయుధశాలని 1863లో చెదరగొట్టినప్పుడు మేలైనవి కొన్ని ఈ మ్యూజియానికి వచ్చాయి, చాలావాటిని పగలగొట్టి పాత ఇనుము కింద అమ్మేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మిగిలినవాటిలో అంకుశాల ముందే నేను అరగంట నిలబడ్డాను. పొడవడానికి మొన, లాగడానికి పక్కన కొక్కెం. మావటి చేతిలోని పనిముట్టు మీద అంత పని చేశారు.

యుద్ధపు బల్లేన్ని ఎలా గుర్తుపట్టాలో కూడా బావ అక్కడే చెప్పాడు. కవచంలో దిగాలంటే అలుగు నడుమ గట్టులా మందంగా ఉండాలి, లేకపోతే వంగిపోతుంది. వెడల్పుగా, పల్చగా, చిల్లుల నగిషీతో ఉన్నది నిజంగా పాతదే అయినా ఊరేగింపులో పట్టుకోవడానికే పనికొస్తుంది. అంటే కొట్టాయన చెప్పిన యుద్ధం కథ ఆ ఆకారానికే పొసగదు. అందుకే ముందు ఎగ్మోర్ చూడండి, తంజావూరు తర్వాత వెళ్లండి. నేను తలకిందులుగా వెళ్లాను.

వాపసు తీసుకోమని ఫోన్ చేస్తే, మూడోసారి నుంచి ఎత్తడం మానేశాడు. గూడూరు వచ్చాక బావ ఆ గొట్టాన్ని నిలువునా కోశాడు. లోపల పూసిన మసిని గుడ్డతో తుడిస్తే, దాని కింద జీఐ పైపుకి ఉండే తెల్లటి జింకు పూత బయటపడింది.