నల్గొండ నుంచి పాత కంట్రీ పాటల రేడియో: అజురాకాస్ట్ కొన్నేళ్లు వాడాక నా మాట

నల్గొండలో మా ఇంటి నుంచే పాత అమెరికన్ కంట్రీ పాటల (అక్కడి పల్లె జనం పాటల) ఇంటర్నెట్ రేడియో నడుపుతున్నాను. కొన్నేళ్లుగా దీనికి వాడుతున్నది అజురాకాస్ట్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. పాటలు ఎక్కించడం, ప్లేలిస్టులు, మైకు ముందు మనం లేనప్పుడు పాటలు నడిపే ఆటో డీజే, వినేవాళ్ల లెక్క, అన్నీ ఒక్క బ్రౌజర్‌లోనే చూసుకోవచ్చు. లోపల పని చేసేవి పాటలను వరసగా నడిపే లిక్విడ్‌సోప్, వాటిని వినేవాళ్లకు పంపే ఐస్‌కాస్ట్ అనే పాత, గట్టి ప్రోగ్రాములు. ఎవరు అడిగినా కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోమంటాను. కాకపోతే సర్వర్ పెట్టడం ఒక ఆదివారం పని. పాటల ఫైళ్లు సరిచేసుకోవడం ఎప్పటికీ తెగని పని. ఆ రెండోదాని మీద ఇష్టం ఉంటేనే దిగండి.

ఇంట్లో కంప్యూటర్ మీదే నడపొచ్చా అంటే, వద్దు. కరెంటు సంగతి అలా ఉంచితే, ఇళ్లకు ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు మనల్ని చేరే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, బయటివాళ్లు మన మెషీన్ దాకా రాలేరు. నేను ముంబైలోని ఒక డేటా సెంటర్‌లో చిన్న వీపీఎస్ (ఎప్పుడూ నడుస్తూ ఉండే అద్దె సర్వర్) తీసుకున్నాను. 2 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తోంది. పాత పాటలతో ఒక లాభం కూడా ఉంది. ఇవి నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి వచ్చినవి, అన్నీ మోనో, అంటే కుడి ఎడమ తేడా లేని ఒకే ధ్వని. వాటిని 128 కేబీపీఎస్ స్టీరియోలో పంపడం దండగ. 64 కేబీపీఎస్ మోనో పెడితే వినేవాళ్లకు గంటకు 29 ఎంబీ లోపే ఖర్చవుతుంది, సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో కూడా ఆగకుండా వస్తుంది.

హక్కుల సంగతి తేల్చుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. ఒక్కో పాటలో రెండు హక్కులుంటాయి. మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు అది విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు, రాసి బాణీ కట్టినవాళ్ల హక్కు వాళ్లు చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఈ రెండు గడువులూ దాటినవే నేను వేస్తాను. అలా చూసినా కంట్రీ సంగీతానికి పునాది వేసినవాళ్లే దొరుకుతారు. జిమ్మీ రోడ్జర్స్ 1933లో పోయాడు, హ్యాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న 29 ఏళ్లకే పోయాడు, కార్టర్ ఫ్యామిలీ అనే బృందంలోని ఏ.పి. కార్టర్ 1960లో పోయాడు. అమెరికాలో లెక్క వేరు. అక్కడ 1923 నుంచి 1946 దాకా విడుదలైన రికార్డులకు 100 ఏళ్లు, 1947 నుంచి 1956 దాకా వచ్చినవాటికి 110 ఏళ్లు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి కాబట్టి, అజురాకాస్ట్‌లో దేశాలవారీగా ఆపే సెట్టింగ్ వాడి ఇండియా ఒక్కటే తెరిచి ఉంచాను. డల్లాస్‌లో ఉన్న మా వాళ్లు వినలేరు. ఆ బాధ ఉంది.

ఇక అసలు పని. ఒకే కళాకారుడి పాటలు వెంటవెంటనే రాకుండా ఆటో డీజే చూసుకుంటుంది, కానీ అది చూసేది ట్యాగ్‌లో, అంటే ఫైల్ లోపల రాసి ఉండే వివరాల్లో, ఉన్న పేరునే. ఒక ఫైల్‌లో 'కార్టర్ ఫ్యామిలీ' అని, ఇంకోదాంట్లో 'ది కార్టర్ ఫ్యామిలీ' అని, మరోదాంట్లో 'ఏ.పి. కార్టర్' అని ఉంటే ముగ్గురు వేరే మనుషులనుకుని వరసగా మూడూ వేసేస్తుంది. ప్రతి ఫైల్ తెరిచి ట్యాగ్ దిద్దడమే దీనికి మందు. సౌండ్ కూడా అంతే. 1927లో అమెరికాలోని బ్రిస్టల్ అనే ఊళ్లో రాల్ఫ్ పీర్ అనే రికార్డు కంపెనీ మనిషి రికార్డు చేసిన పాటల పక్కన హ్యాంక్ 1950 నాటి పాట వస్తే వినేవాళ్లు ఉలిక్కిపడతారు. అన్ని పాటల సౌండ్‌ను ఒకే మట్టానికి తెచ్చే రీప్లేగెయిన్ పెట్టాక ఆ బెడద తగ్గింది. రికార్డుల గరగరను మాత్రం నేను ముట్టుకోను. నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే కార్టర్ ఫ్యామిలీలో పాడే సారా కార్టర్ గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే ఇంకోటి మొదలయ్యే సెట్టింగ్) కూడా తీసేయండి. ఆ కాలపు పాటలు మూడు నిమిషాల దగ్గర టక్కున ఆగిపోతాయి, మెల్లగా తగ్గవు. క్రాస్‌ఫేడ్ ఉంటే చివరి గిటార్ మోత మీద ఇంకో పాట వచ్చి పడుతుంది. నేను ఒక్కో ఫైల్ చివర ఒక సెకను నిశ్శబ్దం అతికించాను.

శనివారం రాత్రి గంటసేపు లైవ్‌లో తెలుగులో మాట్లాడతాను. దానికి బట్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ఒకసారి మాట మధ్యలో కరెంటు పోయి రౌటర్ ఆగిపోయింది. ఆటో డీజే వెంటనే పాట అందుకుంది, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి తిరిగొచ్చేదాకా స్టేషన్ నడుస్తూనే ఉంది. ఆ రోజు నుంచి లైవ్ అంటే టెన్షన్ లేదు.

వినేవాళ్లను నిలబెట్టింది ఈ మాటలేనని నా నమ్మకం. జిమ్మీ రోడ్జర్స్ రైళ్లలో బ్రేక్‌మన్‌గా పనిచేశాడు, క్షయతో 35 ఏళ్లకే పోయాడు అని చెప్పి పాట వేస్తే, పాలమూరు నుంచి వలస పోయిన ఇళ్లవాళ్లకు ఇంగ్లిష్ రాకపోయినా ఆ రైలు పాట అందుతుంది. ఏ.పి. కార్టర్ కొండ ఊళ్లు తిరిగి పాటలు సేకరించేవాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, బాణీ రిడిల్ గుర్తుపెట్టుకునేవాడు. మన పల్లె పాటలు సేకరించినవాళ్లను ఎరిగినవారికి ఇది కొత్త కథేం కాదు.

మిర్యాలగూడ రైస్ మిల్లులో నైట్ డ్యూటీ చేసే ఒక తమ్ముడు రోజూ వింటాడు. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కుటుంబం 1935లో ఆర్కాన్సాలోని డైస్‌కు వచ్చి పత్తి సాగు చేసిందని, చిన్నప్పుడు ఆయన కూడా పత్తి ఏరేవాడని ఒక శనివారం చెప్పాను. "అన్నా, మన లెక్కనే పత్తి ఏరిండా? మరి ఆయన పాట వెయ్యవేంది?" అని మెసేజ్ పెట్టాడు. క్యాష్ పోయింది 2003లో. ఆయన రాసిన పాటలకు ఇంకా హక్కులున్నాయి, పాట రాసినవాళ్ల తరఫున ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. నాలాంటి చిన్న స్టేషన్‌కు అది ఎంత పడుతుందో ఇప్పుడు కనుక్కుంటున్నాను. భరించగలిగేంతలో ఉంటే మొదట వేసేది ఆ తమ్ముడు అడిగిన పాటే.